పొగను చూచి నిప్పును ఊహించే విద్య

వైద్యవిద్యార్థి ఒకడు ఆసుపత్రి అత్యవసర విభాగంలో రోగి మంచం ప్రక్కన నిలిచి ఉన్నట్లు ఊహించవచ్చు. బోధనాసుపత్రులలో ఇట్టి దృశ్యం అరుదైనది కాదు. రోగి యాభై యేండ్లు దాటిన రైతు. పొట్ట పైభాగాన చేయి ఆనించుకొని, "గ్యాస్ పట్టింది బాబూ, రాత్రి తిన్నది అరగలేదు" అన్నాడు. విద్యార్థి తల ఊపి కాగితం మీద "గ్యాస్" అని వ్రాసుకొన్నాడు. రాత్రి ఏమి తిన్నాడో, ఇంతకుముందు ఇట్లు వచ్చినదో లేదో అడిగినాడు. కారం ఎక్కువైన కూర తిన్నానని, లోగడ రెండుమూడుసార్లు వచ్చిందని రోగి చెప్పినాడు. రెండు జవాబులు విద్యార్థి అనుకొన్నదానికి అనుకూలంగానే ఉన్నవి.

ఇంతలో ఆచార్యుడు వచ్చి కాగితం చూచినాడు.

"ఈ గ్యాస్ అన్న మాట ఎవరిది? ఆయనదా, నీదా?"

"ఆయనే చెప్పాడు సార్."

"ఆయన చెప్పింది తన బాధకు తాను అనుకొన్న కారణం. అసలు బాధ ఎట్లా ఉందో నీవింకా అడగలేదు."

ఆచార్యుడు మంచం అంచున కూర్చొని రోగి మణికట్టు పట్టుకొన్నాడు. "పెద్దాయనా, గ్యాస్ సంగతి కాసేపు పక్కన పెట్టు. మంటగా ఉందా, పోటుగా ఉందా, బరువుగా ఉందా?" "బరువేనండీ. రాయి పెట్టినట్టుంది." "ఎప్పుడు మొదలైంది?" "తెల్లారుగట్ల, చేలోకి పోతుంటే." మంచం కాళ్ల దగ్గర నిలుచున్న భార్య అప్పుడు నోరు విప్పినది: "చొక్కా అంతా చెమటకు తడిసిపోయిందయ్యా. పిండితే నీళ్లు కారాయి. ఈ బాబు అడగలేదని చెప్పలేదు."

ఆచార్యుడు వెంటనే ఇ.సి.జి. తీయుమని పురమాయించినాడు.

ఆ విద్యార్థి చదువులో వెనుకబడినవాడు కాడు. గుండెపోటు లక్షణాలు వ్రాయుమని పరీక్షలో అడిగితే ఛాతీలో బరువు, చెమట, వాంతి, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి, ఒక్కొక్కప్పుడు పొట్ట పైభాగంలోనే కనిపించే బాధ, అన్నిటినీ తప్పు లేకుండా వ్రాసి ఉండేవాడు. తెలిసిన రోగమే కండ్లయెదుట ఉన్నా అతనికి స్ఫురించలేదు. జ్ఞానం ఉండి కూడా సమయానికి అది అక్కరకు రాకపోవడానికి కారణమేమి? ఆ లోపాన్ని బోధన చేత దిద్దవచ్చునా? వైద్యవిద్యను గురించి ఆలోచించినవారిని నూరేండ్లకు పైగా వేధించిన ప్రశ్న ఇదే.

పుస్తకం దారి, రోగి దారి

వైద్యగ్రంథంలో ప్రతి అధ్యాయానికి ఒక రోగం పేరు శీర్షికగా ఉండును. దాని క్రింద కారణాలు, లక్షణాలు, చికిత్స వరుసగా ఉండును. రోగి ఆ వరుసలో రాడు. అతడు తెచ్చేది రెండుమూడు లక్షణాలు మాత్రమే. శీర్షికను వైద్యుడు వెదకవలెను. పుస్తకం కారణం నుండి కార్యానికి నడుస్తుంది. వైద్యుడు కార్యాన్ని చూచి కారణానికి వెనుకకు నడవవలెను. ముందుకు నడవడం మాత్రమే అభ్యసించినవానికి వెనుకకు నడవడం తనంతట అబ్బదు.

ఈ వెనుక నడకకు మన తార్కికులు అనుమానమని పేరు పెట్టినారు. కొండ మీద పొగను చూచి అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకొనే ఉదాహరణ తర్కం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థికి పరిచితమే. ఆ శాస్త్రానికి పిల్లల పాఠ్యగ్రంథంగా వాసికెక్కిన తర్కసంగ్రహాన్ని రచించిన అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. పొగ ఉన్నచోటెల్ల నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటెల్ల పొగ ఉండదని తార్కికులు హెచ్చరించినారు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. దూరాన కనిపించేది పొగయో, మంచు తెరయో ముందుగా తేల్చుకొనవలెనని కూడా వారు చెప్పినారు. ఈ రెండు హెచ్చరికలూ రోగి మంచం వద్ద అక్షరాలా వర్తిస్తవి. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు ఒక్కొక్కప్పుడు నొప్పి లేకుండానే రావచ్చు. అది పొగ లేని నిప్పు. రోగి "గ్యాస్" అన్నంత మాత్రాన అది గ్యాస్ కాదు. అది మంచును పొగ అనుకొనడం వంటిది.

చరకసంహిత విమానస్థానంలో రోగాన్ని తెలుసుకొనడానికి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అనే మూడు మార్గాలు చెప్పబడినవి. పెద్దల వలన నేర్చినది మొదటిది. ఇంద్రియాలతో పరీక్షించి తెలిసికొన్నది రెండవది. ఈ రెండింటికీ అందనిదాన్ని యుక్తిచేత ఊహించడం మూడవది. జీర్ణశక్తి కంటికి కనబడదు. తిన్నది ఏపాటి అరుగుచున్నదో చూచి దాన్ని ఊహించవలెను. దేహబలాన్ని వ్యాయామం చేయగల శక్తిని బట్టి ఊహించవలెను. ప్రాచీనులకు నేటి రోగవిజ్ఞానమంతా తెలుసునని దీని అర్థం కాదు. రోగనిర్ణయం కంఠపాఠంతో తీరే పని కాదని, అది విచారణ అని వారు గుర్తించినారనడానికి ఇది చాలును. అయితే ఊహించినది నిజమో కాదో సరిచూచుకొనే ఏర్పాటు విద్యలో భాగం కావడానికి చాలకాలం పట్టినది.

చూచి మెచ్చుకొన్నంత మాత్రాన విద్య రాదు

మంచం ప్రక్కన నిలబెట్టి బోధించే ఆచారానికి ఐరోపాలో హాలండు దేశపు లైడెన్ నగరం పేరు పొందినది. అక్కడ 1714 నుండి బోయర్‌హావె అనే ఆచార్యుడు కేవలం 12 పడకల వార్డులో, ఆరుగురు పురుషులను ఆరుగురు స్త్రీలను ఉంచి, నానాదేశాల విద్యార్థులకు పాఠం చెప్పేవాడు. ఆ సంప్రదాయం స్కాట్లండులోని ఎడిన్‌బరోకు ప్రాకినది. 1877లో అక్కడి వైద్యవిద్యార్థి ఆర్థర్ కోనన్ డాయిల్‌కు జోసెఫ్ బెల్ అనే శస్త్రవైద్యుడు గురువైనాడు. బెల్ రోగిని చూచీ చూడగానే అతని వృత్తి, ఊరు, అలవాట్లు చెప్పి అందరినీ ఆశ్చర్యపరచేవాడు. డాయిల్ తరువాత 1887లో సృష్టించిన అపరాధ పరిశోధకుడు షెర్లాక్ హోమ్స్‌కు ఈ గురువే మూలం.

డాయిల్ చెప్పిన ఒక ఉదంతం ప్రసిద్ధమైనది. పౌరదుస్తులలో వచ్చిన ఒక రోగిని చూచి, ఇతడు సైన్యంలో చిన్న అధికారిగా పనిచేసి ఈమధ్యనే విడుదలై వచ్చినాడని, బార్బడోస్ దీవిలో ఉండి వచ్చినాడని బెల్ చెప్పినాడు. మర్యాద తెలిసినవాడే అయినా టోపీ తీయలేదు. అది సైనికుల అలవాటు. చాలకాలం క్రిందటనే విడుదలై ఉంటే ఆ అలవాటు మానుకొని ఉండేవాడు. నడకలో అధికారం చూపే తీరు ఉన్నది. అతనికి ఉన్న వ్యాధి బోదకాలు. అది స్కాట్లండులో పుట్టే రోగం కాదు, వెస్ట్ ఇండీస్ దీవులలోనిది.

విన్నవారికి ఇది ఇంద్రజాలం వలె తోచును. అయితే తెలుగు విద్యార్థి ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు. గోదావరి జిల్లాలలో ఒకప్పుడు బోదకాలు సర్వసాధారణం. అక్కడ ఆ కాలును చూచిన వైద్యునికి బార్బడోస్ పేరు తట్టదు గదా! ఒకే చిహ్నం ఒక దేశంలో ఒక అర్థాన్ని, మరొక దేశంలో వేరొక అర్థాన్ని ఇస్తుంది. టోపీ తీయకపోవడానికి సైన్యం ఒక్కటే కారణం కానక్కరలేదు. మరచిపోయి ఉండవచ్చు, తలపై పుండు ఉండి ఉండవచ్చు. ఊహ ఫలించిన రోజును అందరూ జ్ఞాపకం ఉంచుకొంటారు. తప్పిన రోజులను ఎవరు లెక్కపెట్టినారు? బెల్ తన ఊహకు కారణాలు విడమరచి చెప్పడం గొప్ప బోధనే. కాని తప్పులు లెక్కకు రానిచోట విద్యార్థి గురువును మెచ్చుకొని ఇంటికి పోగలడు గాని, తన ఊహను తాను సరిదిద్దుకొనడం నేర్వలేడు.

ఒక విద్యార్థి వ్రాసిన వ్యాసం

ఈ చిక్కును విప్పడానికి దారి చూపినవాడు ఆచార్యుడు కాడు, విద్యార్థి. అమెరికాలో బోస్టన్ నగరపు హార్వర్డ్ వైద్యకళాశాలలో వాల్టర్ కానన్ చివరి సంవత్సరం చదువుతున్న రోజులవి. ఆనాటి వైద్యవిద్యలో ఉపన్యాసాలదే పెత్తనం. ఆచార్యుడు గంటల తరబడి చెప్పడం, విద్యార్థులు తల ఎత్తకుండా వ్రాసుకొనడం జరిగేది. కానన్‌తో ఒకే గదిలో న్యాయశాస్త్ర విద్యార్థి ఒకడు ఉండేవాడు. హార్వర్డ్ న్యాయకళాశాలలో 1870 నుండి లాంగ్డెల్ అనే ఆచార్యుడు క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టి ఉన్నాడు. సూత్రాలను వల్లె వేయించడానికి మారుగా, నిజంగా జరిగిన వ్యాజ్యాలను విద్యార్థుల చేతికిచ్చి, వాటి నుండి సూత్రాన్ని వారిచేతనే రాబట్టించడం ఆ పద్ధతి. ఆ మిత్రుడు, అతని తోటివారు భోజనాలు మరచి ఒక్కొక్క వ్యాజ్యం మీద వాదులాడుకొంటూ ఉంటే కానన్ చూచినాడు. తమ తరగతిలో లేని ఉత్సాహం వారికి ఎక్కడినుండి వచ్చినదని ఆలోచించినాడు. వ్యాజ్యాలతో చేసే పనిని రోగుల వృత్తాంతాలతో ఎందుకు చేయరాదని అతనికి తోచినది.

1900 జనవరిలో, అప్పటికి 28 ఏండ్ల వయసున్న ఆ విద్యార్థి వ్యాసం బోస్టన్ వైద్య శస్త్రచికిత్సా పత్రికలో అచ్చయినది. అతడు సూచించిన పద్ధతి సులభమైనది. నిజమైన రోగి వృత్తాంతాన్ని రోగం పేరు చెప్పకుండా అచ్చువేసి ముందురోజు విద్యార్థులకు ఇవ్వవలెను. వారు పుస్తకాలు తిరగవేసి తమ నిర్ణయాన్ని, దానికి కారణాలను సిద్ధం చేసికొని రావలెను. తరగతిలో వాదించవలెను. ఆచార్యుడు చివర మాట్లాడవలెను. కానన్ తరువాత శరీరధర్మశాస్త్రంలో ప్రపంచఖ్యాతి గడించి, శరీరం తన లోపలి స్థితిని నిలకడగా కాపాడుకొనే తీరుకు హోమియోస్టాసిస్ అని పేరు పెట్టినాడు. ఆ కీర్తిలో ఈ విద్యార్థినాటి వ్యాసం కొంత మరుగున పడినది. బోధనాలోకానికి మాత్రం అదీ తక్కువ ఉపకారం కాదు.

నిజం తెలిసినవాడు చివర మాట్లాడే సభ

అదే నగరంలో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి కలదు. 1846లో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్స చేసి లోకానికి చూపిన చోటు అది. అక్కడి వైద్యుడు రిచర్డ్ కాబట్ కొత్త పద్ధతిని అందిపుచ్చుకొని, 1906లో వృత్తాంతాల ద్వారా వైద్యబోధనను గురించి పుస్తకం ప్రకటించినాడు. ఆయన అక్కడితో ఆగలేదు. బ్రతికి ఉండగా రోగికి వైద్యులు చెప్పిన రోగం పేరును, మరణానంతరం శవపరీక్షలో బయటపడిన నిజాన్ని ప్రక్కప్రక్కన పెట్టి చూచినాడు. 1910లో 1000 శవపరీక్షల ఫలితాలను, 1912లో 3000 శవపరీక్షల ఫలితాలను వైద్యపత్రికలో ప్రకటించినాడు. కొన్ని రోగాలను వైద్యులు మిక్కిలి తరచుగా సరిగా గుర్తించినారు. కొన్నింటిని సగంసార్లు కూడా గుర్తించలేకపోయినారు. మంచి పేరున్న ఆసుపత్రిలో, చేయి తిరిగిన వైద్యుల చేతులమీదుగా జరిగిన పొరపాట్లవి. వాటిని బట్టబయలు చేయడం అందరికీ రుచించలేదు.

ఆ లెక్కల నుండి ఒక సభ పుట్టినది. 1910 ప్రాంతం నుండి ఆ ఆసుపత్రిలో జరుగుతూ వచ్చిన ఈ సభ తీరు నేటికీ వైద్యలోకంలో అనుసరింపబడుతున్నది. ఒక రోగి వృత్తాంతాన్ని అనుభవజ్ఞుడైన వైద్యునికి ఇస్తారు. అసలు రోగమేమో అతనికి చెప్పరు. అతడు విద్యార్థుల ముందు, తోటి వైద్యుల ముందు నిలిచి ఆలోచనను మాటలలో పెట్టవలెను: ఈ లక్షణం చూచి మొదట దీన్ని అనుమానిస్తున్నాను, ఈ పరీక్షాఫలితం దీనికి పొసగడం లేదు, కనుక దీన్ని విడిచి దానికి పోతున్నాను. చివరకు ఒక పేరు చెప్పి కూర్చొనవలెను. అంతవరకు మౌనంగా ఉన్న శవపరీక్షకుడు అప్పుడు లేచి నిజాన్ని ప్రకటిస్తాడు. మహావైద్యుడే తప్పి ఉండవచ్చు. 1920ల నుండి ఈ సభల వృత్తాంతాలు కానన్ వ్యాసం వెలువడిన పత్రికలోనే వరుసగా అచ్చవుతూ వచ్చినవి. ఆ పత్రిక 1928లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అని పేరు మార్చుకొన్నది. ఆ శీర్షిక నేటికీ నడుస్తున్నది.

ఈ సభలో విద్యార్థి నేర్చేది రోగం పేరు ఒక్కటే కాదు. గురువు నడచిన దారి అతనికి కనబడుతుంది. ఏ మలుపులో తప్పినదీ కనబడుతుంది. సరియైన దారిలో నడచి కూడా ఒక్కొక్కసారి తప్పు ఊరు చేరవచ్చునని, తప్పు దారిలో నడచి కూడా అదృష్టవశాన సరియైన ఊరు చేరవచ్చునని తెలుస్తుంది. రోగం పేరు కుదిరినంత మాత్రాన ఆలోచన మంచిదని చెప్పరాదు. లెక్కల ఉపాధ్యాయుడు జవాబునే కాక, చేసిన విధానాన్ని కూడా చూచి మార్కులు వేయడం వంటిదే ఇది.

కాబట్ మరొక సంగతి కూడా గ్రహించినాడు. రోగి ఇల్లు, పని, కుటుంబం తెలియనిదే వృత్తాంతం పూర్తి కాదు. అందుకే ఆయన 1905లో ఆ ఆసుపత్రిలో రోగుల సాంఘిక సహాయ విభాగాన్ని నెలకొల్పినాడు. ఆ విభాగాన్ని తరువాత దీర్ఘకాలం నడిపి పేరు తెచ్చిన ఐడా కానన్, వాల్టర్ కానన్ సోదరియే. మంచం కాళ్ల దగ్గర నిలుచున్న భార్య చెప్పిన తడిసిన చొక్కా సంగతి కూడా ఈ కోవకు చెందినదే.

తాను పట్టిన కుందేలు

ఇరవయ్యవ శతాబ్ది ద్వితీయార్ధంలో పరిశోధకులు వైద్యుని ఆలోచనను నేరుగా గమనించడం మొదలుపెట్టినారు. అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎల్‌స్టైన్, షుల్మన్, స్ప్రాఫ్కా అనే వారు రోగులుగా నటించేవారిని వైద్యుల ముందు కూర్చోబెట్టి, వైద్యులచేత తమ ఆలోచనను బిగ్గరగా చెప్పించి, ఫలితాలను 1978లో గ్రంథంగా ప్రకటించినారు. వైద్యుడు సమాచారమంతా సేకరించిన పిమ్మట ఊహిస్తాడని అంతవరకు చాలమంది నమ్మకం. నిజానికి సంభాషణ మొదలైన కొద్ది నిమిషాలలోనే అతని మనస్సులో కొద్దిపాటి ఊహలు పుడుతున్నవి. ఆ తరువాతి ప్రశ్నలన్నీ వాటిని పరీక్షించడానికే. ఒక రోగి విషయంలో చక్కగా ఆలోచించినవాడు మరొక రోగి విషయంలోనూ అట్లే ఆలోచిస్తాడన్న భరోసా లేదని కూడా వారు చూపినారు. కనుక అన్ని రోగాలకూ సరిపోయే ఒకే చిట్కా నేర్పితే చాలదు. విషయజ్ఞానం కావలెను, పలురకాల రోగులను చూడవలెను.

ఊహ తొందరగా పుట్టడం దోషం కాదు. పుట్టిన మొదటి ఊహను విడువలేకపోవడమే దోషం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే సామెత మన పెద్దలు ఊరకే పుట్టించలేదు. పైన చెప్పిన విద్యార్థి కారం కూర సంగతి అడిగినాడు, చెమట సంగతి అడగలేదు. తన ఊహను బలపరచే ప్రశ్నలే వేసినాడు గాని, దాన్ని పడగొట్టగల ప్రశ్న ఒక్కటీ వేయలేదు. కనుక నేటి ఆచార్యులు విద్యార్థికి మూడు ప్రశ్నలు అలవాటు చేయిస్తారు. ఇది కాకపోతే మరేమి కావచ్చును? వీటిలో ఏది తప్పిపోతే రోగి ప్రాణానికి ముప్పు? నా ఊహకు ఒదగని సంగతి ఏదైనా ఉన్నదా?

ఛాతీలోనో పొట్ట పైభాగంలోనో బరువుతో వచ్చిన రోగికి గుండెపోటు కావచ్చు, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు, క్లోమగ్రంథి వాచి ఉండవచ్చు, కేవలం ఆమ్లం పైకి ఎగదన్ని ఉండవచ్చు. గుండె నుండి వెడలే మహాధమని గోడ చీలి ఉండటం కూడా సంభవమే. ఆ చివరిదానిలో నొప్పి చీల్చినట్లు వీపుకు ప్రాకుతుంది. రెండు చేతుల రక్తపు పోటులో తేడా కనబడవచ్చు. గుండెపోటు అనుకొని గడ్డను కరగించే మందు ఇస్తే ధమని చీలినవానికి అదే ప్రాణాంతకం కావచ్చు. కనుక రెండు చేతులలోనూ రక్తపు పోటు చూడడం వట్టి లాంఛనం కాదు. రెండు ఊహలను వేరుచేసే పరీక్ష అది. దేనికోసం చూస్తున్నామో తెలిసి చూచేవాని చేతిలోనే పరీక్షకు విలువ.

ఒక చిన్న లెక్క

కొందరు, ఇంత ఆలోచన ఎందుకు, అన్ని పరీక్షలూ చేయిస్తే యంత్రమే నిజం చెప్పదా అని అడగవచ్చు. దీనికి బడిపిల్లలు చేయగల లెక్కతో సమాధానం చెప్పవచ్చు. ఒక ఊరిలో 1000 మంది ఉన్నారనుకొందాము. వారిలో 10 మందికి ఒక రోగం ఉన్నది. రోగం ఉన్న ప్రతి 10 మందిలో 9 మందిని పట్టుకొనే పరీక్ష ఒకటి కలదు. అయితే రోగం లేని ప్రతి 10 మందిలో ఒకరికి అది పొరపాటున ఉన్నదని చెబుతుంది. ఊరందరికీ ఆ పరీక్ష చేస్తే రోగులలో 9 మందికి ఉన్నదని వచ్చును. రోగం లేని 990 మందిలో 99 మందికి కూడా ఉన్నదనే వచ్చును. మొత్తం 108 మంది. వారిలో నిజమైన రోగులు 9 మంది, అనగా 12 మందిలో ఒక్కడు. మిగిలిన పదకొండుగురు కారణం లేని భయంతో ఇంటికి పోతారు.

అదే పరీక్షను, లక్షణాలు విచారించి సగం మందికైనా ఆ రోగం ఉండవచ్చునని తోచిన 100 మందికి మాత్రమే చేస్తే ఫలితం మారిపోతుంది. రోగులైన 50 మందిలో 45 మందికి ఉన్నదని వచ్చును. కాని 50 మందిలో ఐదుగురికి మాత్రమే తప్పుగా వచ్చును. ఉన్నదని వచ్చిన 50 మందిలో 45 మంది నిజమైన రోగులే. పరీక్ష మారలేదు. దానికి ముందు జరిగిన విచారణ మాత్రమే మారినది. బోదకాలు స్కాట్లండులో ఒక అర్థాన్ని, గోదావరి తీరాన మరొక అర్థాన్ని ఇచ్చుట వెనుక ఉన్న లెక్క కూడా ఇదే. విచారణ లేని పరీక్షలు గ్రుడ్డెద్దు చేలో పడినట్లే.

రోగి భాష

ఇరవయ్యవ శతాబ్ది చివరికి అనేక దేశాలలో శవపరీక్షలు తగ్గిపోయినవి. ఊహను నిజంతో సరిచూచే పాత ఒరగల్లు అరుదైనది. కాని పొరపాట్లు అరుదు కాలేదు. చాలమందికి జీవితకాలంలో ఒక్కసారియైనా రోగనిర్ణయంలో పొరపాటో, ఆలస్యమో ఎదురుకాగలదని 2015లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థల నివేదిక ఒకటి హెచ్చరించినది. రోగికి హాని కలుగకుండా విద్యార్థికి అభ్యాసం ఇవ్వడానికి కొత్త ఉపాయాలు కూడా వచ్చినవి. 1963లో లాస్ ఏంజలిస్‌లో హోవర్డ్ బారోస్ అనే నాడీవైద్యుడు రోగివలె నటించడానికి మామూలు మనుష్యులకు తర్ఫీదు ఇచ్చి విద్యార్థులను పరీక్షించినాడు. కెనడాలోని మాక్‌మాస్టర్ వైద్యకళాశాల 1969లో మొదటి జట్టును చేర్చుకొని, మొదటి నుండీ సమస్యను ముందుంచి పాఠం చెప్పే విధానాన్ని నడిపినది.

భారతదేశంలో 2019లో అమలుకు వచ్చిన వైద్యవిద్యా ప్రణాళిక మొదటి సంవత్సరం నుండే విద్యార్థికి రోగి పరిచయం కావలెనని విధించినది. వార్డులో కొంత బాధ్యత వహిస్తూ నేర్చుకొనే పద్ధతిని కూడా అందులో చేర్చినారు. చేరిన క్రొత్తలో జరిగే పునాది తరగతులలో స్థానికభాషకు కూడా చోటు కల్పించినారు. ఇది చిన్న విషయంగా తోచవచ్చు, కాని కాదు. విద్యార్థి చదివే పుస్తకం ఆంగ్లంలో ఉన్నది. రోగి చెప్పే బాధ తెలుగులో ఉన్నది. "కళ్లు తిరుగుతున్నాయి" అన్న ఒక్క మాటలో గది గిరగిర తిరిగినట్లుండుట, స్పృహ తప్పబోవునట్లుండుట, ఉత్త నీరసం, ఈ మూడూ ఇమిడి ఉండవచ్చు. మొదటిది చెవిలోపలి భాగాన్ని, రెండవది గుండెను రక్తపు పోటును, మూడవది రక్తహీనత మొదలు దిగులు వరకు దేన్నైనా సూచింపవచ్చు. ఆ మాటను వెంటనే ఆంగ్లపదంగా మార్చి వ్రాసుకొన్న విద్యార్థి, మూడు దారులు చీలే చోట కండ్లు మూసుకొని ఒక దారి పట్టినట్లే. ఏ దారియో రోగినే అడిగి తెలుసుకొనవలెను. ఆ పలుకుబడి అర్థం కావడానికి తెలుగు బాగా రావలెను. తెలుగు పాఠం చెప్పే పంతులు కూడా ఈ విధంగా వైద్యవిద్యలో కొంత భాగస్వామియే.

బిగ్గరగా ఆలోచించే గురువు

సభ ఉన్నా లేకున్నా, ఏ కాలంలోనైనా నిలిచే బోధనాసూత్రం ఒకటి ఈ చరిత్రలో కనబడుతున్నది. ఆలోచనను నేర్పదలచిన గురువు, ఫలితం తనకు తెలియకముందే శిష్యుల ఎదుట ఆలోచించవలెను. జవాబు తెలిసి చేసే ఉపన్యాసంలో సందేహానికి చోటు లేదు. సందేహం లేనిచోట విచారణ లేదు. ఇది ఎంత మాత్రమూ సులభమైన పని కాదు. గురువు పొరపడడు అనే గౌరవభావం మన తరగతి గదులలో బలమైనది. ఆ గౌరవాన్ని కాపాడుకొనడానికి గురువు తన తడబాటును దాచుకొంటే, తడబడినవాడు ఎట్లు నిలదొక్కుకొనవలెనో శిష్యునికి నేర్పేవారు ఉండరు. వైద్యంలో ఆ లోటుకు మూల్యం చెల్లించేవాడు గురువూ కాడు, శిష్యుడూ కాడు, రోగి.

మొదట ఊహించిన దృశ్యానికి ముగింపు ఇట్లు ఉండవచ్చు. మొదటి ఇ.సి.జి.లో గుండెపోటు గుర్తు స్పష్టంగా లేదు. విద్యార్థి ముఖంలో కొంత తెరిపి కనబడినది. "సాధారణంగానే ఉంది గదా సార్?" అన్నాడు. "మొదటిసారి సాధారణంగా ఉండవచ్చు. మన అనుమానం తగ్గిందా? చొక్కా ఎండిపోయిందా?" అని ఆచార్యుడు మరి కొద్దిసేపటికి మళ్లీ తీయించినాడు. రెండవ దానిలో గుర్తు బయటపడినది. రోగిని హుటాహుటిన చికిత్సకు తరలించినారు.

విద్యార్థి తన కాగితాన్ని నలిపివేయబోయినాడు. ఆచార్యుడు వారించినాడు. "దాన్ని ఉంచు. గ్యాస్ అన్న మాటను కొట్టివేయి, కాని కనబడేటట్లు కొట్టివేయి. దాని క్రింద ఆయన మాటలే వ్రాయి: రాయి పెట్టినట్టు బరువు, చొక్కా తడిసింది. రేపు తరగతిలో నీవే చదువు. నీ తరువాత నా కాగితం ఒకటి చదువుతాను, ముప్ఫై యేండ్ల క్రిందటిది. అందులో నేను గ్యాస్ అన్న మాటను కొట్టివేయలేదు."